ముఖానికి బదులు

భివండీలో నర్సింగ్‌కు ఒక ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. పద్మానగర్‌లో ఇస్త్రీ దుకాణానికీ కిరాణా కొట్టుకూ నడుమ ఇరుక్కున్న ఒక ఖోలీ, అంటే ఒంటి గది, అందులో నీలం పరదా, ఒక స్టూలు, రెండు గొడుగు దీపాలు. తండ్రి మెట్‌పల్లి దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు సాంచాల మీద బట్ట నేసి చెవులు పోగొట్టుకున్నాడు. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్ళు సాంచా అంటారు. ఆ చప్పుడుకు దూరంగా బతకాలని నర్సింగ్ కెమెరా పట్టాడు. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు ఫొటోలూ చూసుకుంటూ పదేళ్ళు బాగానే గడిచింది. రెండువేల ఏడు వచ్చేసరికి సందుకో కంప్యూటర్ షాపు వెలిసి, పాస్‌పోర్టు ఫొటోలను ఐదు నిమిషాల్లో అచ్చు వేసి ఇవ్వడం మొదలుపెట్టింది. స్టూలు మీద కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు.

అప్పుడు ఒక దారి చూపించినవాడు రూపేష్. ఇంటర్నెట్ దుకాణం నడిపే మరాఠీ మనిషి, నర్సింగ్ ఈడువాడే. ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైటు ఒకటుందనీ, పని చేసుకునే మనుషుల ఫొటోలు అందులో పెడితే ప్రకటనల వాళ్ళూ పుస్తకాల వాళ్ళూ కొంటారనీ, కొన్న ప్రతిసారీ ఎంతో కొంత ముడుతుందనీ చెప్పాడు. షరతు ఒక్కటే. ముఖం కనబడే ఫొటో అయితే, ఆ ముఖం గలవాడు ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద సంతకం చేయాలి. పక్కన సాక్షి సంతకం ఉండాలి. ఇంతేనా అనుకున్నాడు నర్సింగ్. వెర్రిబాగులవాడు!

మొదట ఎగబడి వచ్చినవాళ్ళు వాడలోని కుర్రకారు. నల్లద్దాలు పెట్టుకుని, జుట్టుకు నీళ్ళు రాసుకుని, ఎవరి మోటారు సైకిల్‌నో ఆనుకుని నిలబడ్డారు. ఆ ఫొటోలన్నీ వెబ్‌సైటు వాళ్ళు తిప్పి పంపారు. వాళ్ళకు కావలసింది ఉన్న మనిషి ఉన్నట్టుగా. అలాంటి మనుషులు గైబీ నగర్ కార్ఖానాల్లో వందల మంది ఉన్నారు, కనుబొమల మీద పత్తి నూగు పేరుకుని, బనీన్లు చెమటకు పచ్చబడి. కెమెరా చూపిస్తే నవ్వేవారు. కాగితం తీయగానే నవ్వు ఆగిపోయేది.

"ఏలిముద్రనా? మళ్ళ ఇంకొకటా?" అని నాగయ్య అనే అతను కాలుస్తున్న బీడీ అక్కడే వదిలి లేచిపోయాడు. తప్పు అతనిది కాదు. ఊరి నుంచి వచ్చిన రోజు సేఠ్ దగ్గర ముందస్తు సొమ్ము తీసుకుని ఖాళీ కాగితం మీద బొటనవేలు నొక్కినవాడే ప్రతి ఒక్కడూ. ఆ కాగితం సేఠ్ పెట్టెలో ఉన్నంతకాలం ఇంకో కార్ఖానా గడప తొక్కడానికి లేదు. ఇప్పుడు వీడెవడో ముఖానికి కూడా కాగితం తెచ్చాడంటే ఎవరు నమ్ముతారు? నర్సింగ్ నెలన్నర కాళ్ళరిగేలా తిరిగాడు. ఒక్క ముఖం దొరకలేదు.

ముడి విప్పింది ఐలవ్వ. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన కార్మికులు వారానికింత అని కట్టి రెండు పూటలా తినే పూటకూళ్ళ ఖోలీని అక్కడ బిస్సీ అంటారు. ఐలవ్వ బిస్సీలో పాతిక మంది తినేవారు. ఏ కార్ఖానాలో ఎవరు పనిచేస్తారో, ఎవరికి ఏ కూర పడదో ఆమెకు కంఠోపాఠం. నర్సింగ్ గోడు విని ఆమె గరిటె పక్కన పెట్టింది.

"పైసలిస్తనంటె ఎవ్వడు నమ్ముతడు కొడుకా? పైసలిచ్చినోడు మళ్ళ అడుగుతడని భయం. తిండి పెట్టు. తిన్న బువ్వను ఎవ్వడన్న తిరిగి అడుగుతడా?"

"గట్లయితె సాక్షి ఎవరు చిన్నమ్మా?"

"నేనుంట. నా ఏలు చూస్తె వాళ్ళ ఏలు అదే లేస్తది."

అలా ఒక ధర కుదిరింది. ఒక ముఖానికి ఒక వారం భోజనం, ఊరికి పంపుకోవడానికి పోస్టుకార్డంత ఫొటో ఒకటి. భోజనం సొమ్ము నర్సింగ్ ముందే ఐలవ్వకు కట్టేవాడు. రెండు నెలల్లో ఇరవై రెండు మంది కూర్చున్నారు. నాగయ్య కూడా వచ్చి, తన ఫొటోలో బీడీ కనబడకూడదని ఒప్పందం చేసుకుని మరీ కూర్చున్నాడు.

ఆ ఇరవై రెండు మందిలో కనుకయ్య ఒకడు. నలభై ఐదేళ్ళవాడు, మాట తక్కువ, బక్కమనిషి. దత్తాత్రి సేఠ్ కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఒక్కడే నడిపేవాడు. షిఫ్టు దిగి గడప మీద కూర్చుని తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నప్పుడు పక్క నుంచి ఎండ పడింది. నర్సింగ్ నొక్కాడు. అతను తీసినవాటన్నిటిలో మంచి ఫొటో అదే, ఆ మాట ఆ క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. లోతు కళ్ళు, మూతికి అడ్డంగా గుడ్డ, వేళ్ళ సందుల్లో తెల్లటి నూగు. కనుకయ్య ఆ ఫొటోను చాలాసేపు చూసుకుని, "నేను గింత మంచిగున్ననా తమ్మీ?" అని అడిగాడు. వారం భోజనం కంటే ఆ ఫొటోకే ఎక్కువ మురిసి, మర్నాడే ఊళ్ళో భార్యకు పంపించాడు.

ఇక్కడ నర్సింగ్ గొప్పతనం ఒకటి చెప్పాలి. అతని కొంప ముంచింది అదే. వాడలో రేషన్ కార్డు దరఖాస్తులూ ఓటరు కాగితాలూ నింపిపెట్టేది అతనే, అదీ ఉచితంగా. ఏళ్ళ తరబడి ఆఫీసు కిటికీల ముందు నిలబడి అతను నేర్చుకున్న చదువు ఒక్కటే, గడి ఖాళీగా వదిలితే కాగితం తిరిగొస్తుంది. ఏ గడిలోనైనా టిక్కు ఉండాల్సిందే. ఫొటో కాగితం అడుగున నాలుగు గడులు ఉన్నాయి. చివరి గడి పక్కన చీమల బారులాగా సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. నర్సింగ్‌కు పేరూ ఊరూ రాసేంత ఇంగ్లీషు వచ్చు, అంతకు మించి రాదు. రూపేష్‌ను అడగొచ్చు. అడిగితే తనకు రాదని ఒప్పుకున్నట్టవుతుంది. నాలుగింటికీ టిక్కు కొట్టాడు, ఇరవై రెండు కాగితాల మీదా. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తన పనితనానికి తనే పొంగిపోయాడు.

ఏడు నెలల తర్వాత ఎస్టీ బస్సుల స్టాండు గోడ మీద కనుకయ్య వెలిశాడు, నిలువెత్తున. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్న అదే ఫొటో. పైన హిందీలో పెద్ద అక్షరాలు, "మూడు వారాలు దగ్గాను. టీబీ అని తెలిసేసరికి ఆలస్యమైంది." కింద ఉచితంగా మందులు దొరికే చోటు వివరం. ముంబైలో ఏదో సంస్థ వేసిన పోస్టర్. మంచి పనికే వేశారు, ఎవరినీ తిట్టడానికి లేదు. కాల్హేర్ గోదాముల దగ్గర, పూర్ణ దారిలో, గైబీ నగర్ మలుపులో, ఎక్కడ చూసినా కనుకయ్యే.

దత్తాత్రి సేఠ్ పొద్దున్నే చూశాడు. తెలుగు మనిషే, కనుకయ్య జిల్లావాడే. కనుకయ్య షిఫ్టుకు వచ్చేసరికి అతని ఎనిమిది సాంచాల మీద ఇంకొకరు ఉన్నారు. అతను తినే ఐలవ్వ బిస్సీలో మిగతావాళ్ళంతా ఒక్కసారిగా కంచాలు పక్కన పెట్టారు. "గాయన ఈడ తింటె మేము ఇంకో బిస్సీ చూసుకుంటం" అన్నారు. ఐలవ్వ తెల్లారి కనుకయ్యకు గడప బయట విస్తరి వేసింది. వేలిముద్ర వేసిన సాక్షి ఆమే కదా, ఏం మాట్లాడుతుంది?

కనుకయ్య స్టూడియోకు వచ్చాడు. అరుస్తాడనుకున్నాడు నర్సింగ్. కొట్టినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. కనుకయ్య స్టూలు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నిజం చెప్పు. నాకు టీబీ ఉన్నదా?"

"అయ్యో, లేదన్నా! నాకేమెరుక గది..."

"కాయితం నువ్వే సదివినవ్ గదా. గండ్ల ఏమున్నదో నీకు ఎరుకుంటది. ముందుగాల్నే చెప్తె దవాఖానకన్న పోతుంటి."

నర్సింగ్ ఆ కాగితం తీసుకుని రూపేష్ దగ్గరికి పరుగెత్తాడు. రూపేష్ చివరి గడి పక్కన ఉన్నది చదివి, ఒకసారి అతని ముఖం చూసి, హిందీలోకి మార్చి చెప్పాడు. ఈ ఫొటోను రోగాలు, నేరాలు, తాగుడు వంటి విషయాల మీద వాడుకోవడానికి ఈ మనిషికి అభ్యంతరం లేదు. కనుకయ్యవే కాదు, మిగతా ఇరవై ఒక్క ముఖాలూ అదే టిక్కు కింద ఉన్నాయి. వాటిని ఆ సాయంత్రమే వెబ్‌సైటు నుంచి తీయించేశాడు. అమ్ముడైపోయిన దాన్ని తీయడం కుదరదని జవాబొచ్చింది. ముంబై సంస్థకు ఫోన్ చేస్తే ఒకామె ఓపికగా విని, చాలా బాధపడి, మళ్ళీ అచ్చు వేసినప్పుడు మారుస్తామని చెప్పింది. "అభ్యంతరం లేదని మీరే కదా రాసిచ్చారు?" అని కూడా అడిగింది.

కనుకయ్యను దవాఖానకు తీసుకుపోయి పరీక్ష చేయించాడు. రోగం లేదు. అందరికీ ఉండే పత్తి దుమ్ము దగ్గే. సర్టిఫికెట్ పట్టుకుని ఇద్దరూ దత్తాత్రి సేఠ్ ముందు నిలబడ్డారు. సేఠ్ దాన్ని ముట్టుకోకుండానే చదివాడు.

"కాయితం ఖరేనే అయ్యుంటది. మరి గోడ మీదున్నది ఎవ్వరు? ఉత్తగనే ఏస్తరా గట్ల? నాకు ఇరవై మంది కామ్‌గార్లున్నరు. వాళ్ళు రామంటున్నరు. నేనేం జెయ్యాలె?"

"ఫొటో నేను అమ్మిన సేఠ్. పైసలకు అమ్మేటిదే. ఆ మాటలకు, ఈయనకు సంబంధం లేదు."

"ఫొటో అబద్ధం జెప్తదా నర్సింగ్?"

ఫొటోగ్రాఫరును పట్టుకుని అడిగిన మాట అది. అబద్ధం చెప్పని పనే తన పని అని పదేళ్ళు ఊరంతా చెప్పుకున్నవాడు ఇప్పుడేమంటాడు?

కనుకయ్య కాల్హేర్‌కు హమాలీ పనికి పోయాడు. గోదాము గేటు పక్కనే తన ముఖం ఉంది. పూర్ణలోనూ అంతే. ఊరికి పోదామంటే, ఊరికి వెళ్ళొచ్చిన నాగయ్య, అదే ఊరివాడు, అప్పటికే సంగతి మోశాడు. భార్య ఫోన్‌లో ఏడ్చి, మందులు పూర్తయ్యాకనే రమ్మంది. కోడలు ఇంట్లో చంటిపిల్లను పెట్టుకుని ఉందట. ఆ రోజు నుంచి కనుకయ్య కామ్‌వారీ నది వంతెన మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున వెళ్ళినవాడు చీకటి పడేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడు. నర్సింగ్ రోజుకు నాలుగుసార్లు వంతెన దాకా పోయి, అక్కడ మనిషి ఉన్నాడో లేడో చూసి వచ్చేవాడు.

"నా దగ్గర ఉండన్నా. స్టూడియోల కూసో. ఇంత తిని ఉండు. నీకు చేసిందానికి ఏమియ్యాల్నో చెప్పు, ఇల్లమ్మి ఇస్త" అన్నాడు ఒక రోజు వంతెన మీదనే.

"నీ కాడ కూసోని తింటె రోగమున్నదని నేనే ఒప్పుకున్నట్టయితది." కనుకయ్య కళ్ళు తిప్పలేదు. "నాకేమొద్దు తమ్మీ. నా సాంచాలు నాకు కావాలె. బిస్సీల నా జాగ నాకు కావాలె. ఇయ్యగలుగుతవా?"

ఆ మాటే పట్టుకుని ఇంటికి వచ్చాడు నర్సింగ్. రెండు రోజులు ఆలోచించాడు. పోస్టర్లు చింపితే లాభం లేదు, చూసినవాళ్ళు చూసేశారు. ముఖం వేరు, మాట వేరు అని జనానికి కళ్ళకు కట్టాలి. పోస్టరులో ఎవరి ముఖమైనా పెట్టొచ్చునని తెలియాలి. ఎవరి ముఖం దొరుకుతుంది? ఈసారి ఎవరిని కాగితం అడగగలడు? కెమెరాను స్టాండు మీద పెట్టి, తువ్వాలు మూతికి అడ్డం పట్టుకుని, గడప మీద తనే కూర్చున్నాడు.

భార్య మాలతి వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏంది గిది?"

"నా ముఖం గాయన ముఖం మీద అతికిస్త. నాకు టీబీ లేదని ఊరంతటికీ ఎరుకనే. నా ఫొటో చూస్తె, ఓహో ఉత్త బొమ్మనే అని సమజైతది."

"గంత దూరం ఎవ్వలు ఆలోచిస్తరు? చూసిందే నమ్ముతరు. నీకు దండం పెడుత, నా మాటిను."

నర్సింగ్ వినలేదు. పోస్టరు ముఖం ఎంత ఉందో కొలిచి, అంతే కొలతతో ముప్పై ఒక్క అచ్చులు తీయించాడు. శుక్రవారం కార్ఖానాలు బంద్ ఉంటాయి, జనం రోడ్ల మీద ఉంటారు. పట్టపగలు మైదాపిండి ఉడికించిన డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ప్రతి గోడ దగ్గరా కనుకయ్య ముఖం మీద తన ముఖం అతికించి, పక్కన నిలబడి చెప్పాడు. "చూడుండ్రి, గీడ నేనున్న, గాడ నేనున్న. నాకేమన్న ఉన్నదా? ఫొటో అంటె గింతే!" హిందీలో చెప్పాడు, మరాఠీలో చెప్పాడు, తెలుగులో గొంతు పోయేదాకా చెప్పాడు. జనం నిలబడి విన్నారు. కొందరు తలలూపారు. సాయంత్రానికి అతనికి గుండె తేలికపడింది.

ఆదివారం దత్తాత్రి సేఠ్ కనుకయ్యకు కబురు పెట్టాడు. పొరపాటున నీ ఫొటో పడిందట, అసలైనోని ఫొటో ఇప్పుడేసిండ్రట, రేపట్నుంచి పనికి రా అని. బిస్సీలో కనుకయ్య విస్తరి లోపలికి వచ్చింది. ఐలవ్వ అతనికి ఆ పూట రెండు గుడ్లు వేసిందని నర్సింగ్ విన్నాడు. విని, సంతోషంతో ఏడ్చాడు. అసలైనోని ఫొటో అన్న మాట చెవిలోంచి లోపలికి దిగడానికి ఒక రాత్రి పట్టింది.

సోమవారం ఒక పెళ్ళివారు వచ్చి, గడప ఇవతలే నిలబడి, ఇచ్చిన బయానా తిరిగి అడిగారు. నల్లా దగ్గర మాలతి బిందె పెడితే ముందూ వెనకా ఖాళీ అయిపోయింది. ఇస్త్రీ దుకాణం ఆయన నడుమ గోడకు ఉన్న కిటికీ మూసేశాడు. పాపం ధైర్యవంతుడు, తన రోగం తనే గోడల మీద చెప్పుకున్నాడు అని వాడంతా మెచ్చుకుంది కూడా. మెచ్చుకుంటూనే దూరం జరిగింది. పది రోజుల్లో స్టూడియోకు ఒక్క మనిషి రాలేదు.

"పో," అంది మాలతి. ఆమె అరవలేదు, ఏడుపు కూడా అయిపోయింది. "దత్తాత్రి సేఠ్ మాట వాడంత ఇంటది. గాయనకు చెప్పు. గిది నేను కనుకన్న కోసం చేసిన, ఇద్దరి ముఖాలు ఉత్తయే అని చెప్పు. కనుకన్న నీ పక్కకు నిలవడితె నమ్ముతరు. నీ కోసం గాదు, నా కోసం చెప్పు."

న్యాయమైన మాటే. నర్సింగ్ చొక్కా వేసుకుని దవాఖానకు పోయి తనకూ ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. రెండు సర్టిఫికెట్లూ జేబులో పెట్టుకుని గైబీ నగర్ కార్ఖానా మెట్లెక్కాడు. సాంచాల చప్పుడు గుండెల్లోకి వచ్చింది. కనుకయ్య ఎనిమిది సాంచాల నడుమ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒంటి మీద కొత్త బనీను ఉంది. నర్సింగ్‌ను చూసి ఆగిపోయాడు.

సేఠ్ గబగబా వచ్చి ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాడు.

"ఆడనే ఆగు నర్సింగ్. మంచిగ మందులు తింటున్నవా?" చుట్టూ నలుగురు కార్మికులు పని ఆపి చూస్తున్నారు. సేఠ్‌కు ఏదో తట్టి వెనక్కి తిరిగాడు. "కనుకయ్యా, నాడు నా కాడికి వచ్చుడే గాదు, నువ్వు ఈయనతోటి శానా దినాలు తిరిగినవంటున్నరు. స్టూడియోకు పోతుంటివట. వంతెన మీద ఇద్దరు కలిసి కూసునేదట. నిజమేనా?"

కనుకయ్య సాంచా మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఒక్కసారి నర్సింగ్ కళ్ళలోకి చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో నర్సింగ్‌కు తెలిసింది. వంతెన మీద అడిగినదే మళ్ళీ అడుగుతోంది.

"లేదు సేఠ్," అన్నాడు కనుకయ్య. "నీ కాడికి వచ్చిన ఒక్కనాడు తప్ప గాయన దిక్కు నేను పోలె. ఫొటో తీసిన్నాడు గూడ గాయన రోడ్డు అవుతల నిలవడ్డడు. నేను దగ్గరికి రానియ్యలె."

సేఠ్ నర్సింగ్ వైపు తిరిగాడు. జేబులో రెండు కాగితాలు చేతికి తగులుతున్నాయి. తీసి చూపించి ఉన్నదున్నట్టు చెప్తే తన మాట నిలుస్తుందేమో. కానీ కనుకయ్య ఇప్పుడే చెప్పింది అబద్ధమని తేలుతుంది, ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని తేలుతుంది, ఎనిమిది సాంచాలు రేపు ఇంకొకరివి అవుతాయి. ఇంటి దగ్గర మాలతి తలుపు తీసి పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

"నిజమే సేఠ్," అన్నాడు నర్సింగ్. "రోడ్డు అవుతల కెల్లే తీసిన."

అని మెట్లు దిగాడు.